తిప్పి చూస్తేనే తెలిసే ప్రదర్శన: తిరుపతి టెక్స్‌టైల్ విద్యార్థుల పనులు

తిరుపతిలో టెక్స్‌టైల్ విద్యార్థులు పెట్టిన ఈ ప్రదర్శనకు వెళ్లేవాళ్లు గోడల దగ్గర మొదలుపెట్టకండి. హాలు చివర, అమ్మకాల కౌంటర్‌కి ఆనుకుని ఒక పొడవాటి బల్ల వేశారు. దాని మీద శాంపిల్ పుస్తకాలు పరిచి ఉన్నాయి. చాలామంది వాటిని బిల్లు పుస్తకాలనుకుని దాటిపోతున్నారు. అసలు సరుకు అక్కడే ఉంది. గోడకు వేలాడేది చివరికి మిగిలిన పని. ఎక్కడ చెడింది, ఎందుకు మార్చారు, దేన్ని వదిలేశారు అన్నదంతా ఈ పుస్తకాల్లో ఉంది. తోటి విద్యార్థుల పని చూసి సొంత పనికి దారి వెతుక్కునేవాళ్లకు కావలసింది కూడా అదే. అందుకే ఈ సమీక్షలో ఏది అందంగా ఉందన్న దానికన్నా ఏది ఎలా చేశారు, అందులో మనం వాడుకోగలిగింది ఏమిటి అన్నదానికే ఎక్కువ చోటు.

బంతిపూల రంగు మీద చేసిన పుస్తకం ఒక్కటి చదివినా వచ్చిన పని అయినట్టే. పేజీకి నాలుగు ముక్కలు, ఒక్కోటి 4 అంగుళాలు. ప్రతి ముక్క కింద గుడ్డ బరువు, పటిక, పూలు, ఎంతసేపు ఉంచారు, ఏ నీళ్లు వాడారు అన్నవి పెన్సిల్‌తో రాశారు. మొదటి పేజీలో నూలు గుడ్డకు పటిక ఒక్కటే పట్టించి రంగులో వేశారు. తీసినప్పటి ముక్క పసుపుపచ్చగా మెరుస్తోంది, పక్కనే అతికించిన ఉతికిన ముక్క వెలవెలబోతోంది. రెండో పేజీలో ముందు కరక్కాయ నీళ్లలో నానబెట్టి, ఆరాక పటిక పట్టించారు. రంగు నిలిచింది. పట్టు, ఉన్ని పటికను నేరుగానే పట్టుకుంటాయి. నూలుకు ఆ గుణం తక్కువ. నూలుకూ పటికకూ మధ్య కరక్కాయో దానిమ్మ తొక్కో, ఏదో ఒక వగరు ఉండాలి. వాళ్ల కొలత ఇది: 100 గ్రాముల గుడ్డకు 20 గ్రాముల కరక్కాయ పొడి, 15 గ్రాముల పటిక, 200 గ్రాముల పచ్చి బంతి రేకులు. గుడ్డ సులువుగా తిరిగేన్ని నీళ్లు పోసి, వేడి 80 డిగ్రీలు దాటకుండా ముప్పావు గంట. తెర్లనిస్తే పసుపు కాస్తా గోధుమరంగులోకి దిగుతుంది. అలా దిగిన ముక్కను కూడా చించేయకుండా ఉంచారు, అది మెచ్చుకోవాలి.

మూడో పేజీ మన ఊరికి బాగా పనికొచ్చేది. అదే రంగు, అదే గుడ్డ, నీళ్లు మాత్రం మూడు రకాలు: కుళాయి, బోరు, ఆర్‌వో. ఇనుము ఉన్న బోరు నీళ్లలో బంతి పసుపు మసకబారి పాచిరంగుకు తిరిగింది. కింది వరసలో మంజిష్ఠ ఎరుపు పెట్టారు. అక్కడ కథ తిరగబడింది. బోరు నీళ్లలోని సున్నం గుణం మంజిష్ఠకు మేలు చేస్తుంది కాబట్టి ఆ ముక్క నిండుగా ఉంది, ఆర్‌వో ముక్కే పాలిపోయింది. అన్ని రంగులకూ ఒకటే డబ్బా నీళ్లు తెచ్చి పెట్టుకునేవాళ్లు ఈ పేజీ ముందు కాసేపు నిలబడాలి.

పూలు గుడివి కావని, మార్కెట్లో అమ్ముడుపోక మిగిలినవని అట్ట లోపలే రాశారు. వేరే ఊళ్లో అయితే ఆ ముక్క అనవసరం, ఇక్కడ అవసరం. శ్రీవారికి అలంకరించిన పూలను భక్తులకు ఇవ్వకుండా పూలబావిలో వేయడం ఆచారం. టీటీడీ ఆలయాల్లో వాడిన పూలతో 2021 నుంచి అగరబత్తులు చేయిస్తున్నారు. ‘గుడిపూల రంగు’ అని చీటీ కడితే కౌంటర్‌లో అమ్మే బంతి రంగు స్టోల్స్ చకచకా పోతాయని ఎవరికైనా తెలుసు. కట్టలేదు. అదీ ఒక నిర్ణయమే.

ఇక గోడల సంగతి. కాళహస్తి నలభై కిలోమీటర్ల లోపే ఉంది కాబట్టి తిరుపతిలో ఏ విద్యార్థి ప్రదర్శన పెట్టినా కలంకారీ ఉండి తీరుతుంది. అందులో వినాయకుడు, వేణుగోపాలుడు, కల్పవృక్షం కూడా ఉండి తీరతాయి. ఈసారీ ఉన్నాయి. గీత శుభ్రంగా ఉంది, చెయ్యి తిరుగుతోంది, అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టి లాంటి వాళ్లు పురాణ కథను గుడ్డ మీద ఏ స్థాయికి తీసుకెళ్లారో తెలిసినవాళ్లకు ఇవి సాధన పటాలుగానే కనిపిస్తాయి. సాధన తప్పు కాదు. దాన్ని నట్టనడుమ గోడకు, పెద్ద దీపం కింద పెట్టడమే తప్పు.

ఆ గోడకు ఎడమవైపు, స్తంభం చాటున, 3 గజాల గాడా (ముతక నూలు) గుడ్డ మీద స్వర్ణముఖి నది ఉంది. మొత్తం ప్రదర్శనలో ఎక్కువసేపు చూడాల్సింది దీన్నే. దేవుడు లేడు, మనిషి లేడు, చెట్టు లేదు. కసిం అనే ఇనుప నలుపుతో అడ్డంగా వేసిన గీతలు, అంతే. ఎడమ కొసన ఆ గీతలు కత్తితో కోసినట్టు ఉన్నాయి. కుడికి పోతున్నకొద్దీ అంచులు ఒరుసుకుపోతూ, చివరి ముక్కలో ఒకదాంట్లో ఒకటి కలిసి తడి ఇసుక మరకలుగా మారాయి. కలం మార్చలేదు, రంగు పలుచన చేయలేదు. గుడ్డకు పట్టించిన పాలు తగ్గిస్తూ వచ్చింది ఆ అమ్మాయి.

కాళహస్తి పద్ధతిలో గాడా గుడ్డను గంజి పోయేదాకా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి, పిండి ఆరబెడతారు. కరక్కాయ వగరు రంగును పట్టుకుంటుంది. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. ఈ పని మొత్తం ఆ రెండో వాక్యం మీదే నడిచింది. గుడ్డను నాలుగు ముక్కలు చేసి, ప్రతి 200 గ్రాముల గుడ్డకూ కరక్కాయ పొడి 50 గ్రాములు, మొత్తం ద్రవం ఒక లీటరు చొప్పున మార్చకుండా ఉంచి, పాలు మాత్రం 250 మిల్లీలీటర్లు, 100, 50, సున్నా అని దించింది. ఆరాక నాలుగింటినీ కుట్టి, అప్పుడు కలం పట్టుకుంది. సాధారణంగా ‘రంగు పాకింది’ అంటే పని చెడిందనే అర్థం. ఇక్కడ ఆ పాకడాన్నే నాలుగు మెట్లుగా కొలిచి, నదిలో నీళ్లు ఇంకిపోయే తీరుకు వాడుకుంది.

లోపాలు లేవని కాదు. కుట్టు మీదుగా కలం లాగడంతో, కుట్టు ఎత్తు తగిలిన ప్రతిచోటా రంగు ఒక బొట్టుగా నిలిచిపోయింది. ముందు గీసి తర్వాత కుడితే బొట్లు ఉండవు గానీ గీతలు కలపడం కష్టం. మధ్యేమార్గంగా కుట్టును వెనక్కి మడిచి ఇస్త్రీతో బాగా అణిచి, పైన గట్టి చెక్కతో రుద్దితే సగం బాధ తీరేది. రెండో ముక్క పై మూలలో లేత చార ఒకటి ఏటవాలుగా పోతోంది. అది గీసింది కాదు. పాలలో ముంచిన గుడ్డ మడతపడి ఆరితే, మడత వెంట పాలు చేరి, తర్వాత రంగు అక్కడ సరిగా దిగదు. పిండిన వెంటనే ఒంటి పొరగా ఎండలో పరవాలి. మబ్బురోజున ఈ పని పెట్టుకుంటే పులిసిన వాసన గుడ్డను వదలదు. పాలు మరీ ఎక్కువైనా ఇబ్బందే, రంగు పైపైన ఆగి మొదటి ఉతుకులోనే పోతుంది.

కసిం గురించి ఒక మాట. బెల్లం, తాటిబెల్లం నీళ్లలో తుప్పుపట్టిన ఇనుప ముక్కలు వేసి రెండు మూడు వారాలు పులియబెడితే వచ్చే ద్రావణం అది. కుండలో ఉండగా అంత నల్లగా కనిపించదు, గుడ్డలోని కరక్కాయ తగిలాకే నలుపెక్కుతుంది. తొందరపడి వారానికే తీస్తే బూడిదరంగు వస్తుంది. పక్క గోడకున్న వినాయకుడి కిరీటంలో ఆ బూడిదరంగు గీతలు చూడొచ్చు. ఘాటు మరీ ఎక్కువైతే ఇంకో నష్టం, ఇనుము ఏళ్ల మీద నూలును తినేస్తుంది. పాత కలంకారీ గుడ్డలు నల్ల గీత వెంటే చిరగడానికి కారణం ఇదే.

ఆలోచన బలంలో నదితో పోటీపడేది ఒక్కటే ఉంది: నాలుగు బొంతలు. వరసగా తెలుపు, ఎరుపు, నలుపు, గంధం రంగు. బయటి ఊరివాళ్లకు అర్థం కావడానికి చీటీ కావాలి. తిరుపతి వాళ్లకు అక్కర్లేదు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషానికి నామకొమ్ము, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం ఒంటికి పూసుకుంటారు. ఆ పూతలనే బొంత మీద పూశారు. ముఖాలు లేవు, వేపమండలు లేవు, అమ్మవారి బొమ్మ లేదు. పాత లుంగీలు, చీరలు పొరలుగా పేర్చి, దగ్గరదగ్గరగా దూటు (రన్నింగ్) కుట్టు వేసి, పైన పూత. కుట్టు లాగినచోట గుడ్డ ముడుచుకుని ఒంటి చర్మంలా కనిపిస్తుంది. జాతర అనగానే పోస్టరు బొమ్మ వేసేవాళ్లంతా ఇక్కడ నేర్చుకోవాల్సింది ఉంది: ఒక సంగతిలో బొమ్మను తీసేసి పదార్థాన్ని మాత్రం ఉంచుకుంటే ఏమవుతుందో ఇందులో కనిపిస్తుంది.

పనితనంలో మాత్రం ఇదే బలహీనం. నామకొమ్ము, బొగ్గు రెండూ పొడులు. దారంలోకి దిగే రంగులు కావు, పైన కూర్చుంటాయి. వాటిని పట్టి ఉంచడానికి తుమ్మ బంక వాడారు. బంక ఆరితే పెళుసై పగులుతుంది, గాలిలో తేమ ఉంటే జిగురు తేలుతుంది. తెల్ల బొంత మీద పెచ్చులు లేచాయి, నల్ల బొంత కింది అంచు నిండా చూసినవాళ్ల వేలిముద్రలే. సోయా గింజలు రాత్రి నానబెట్టి, రుబ్బి, వడకట్టిన పాలలో పొడి కలిపి, పలుచగా రెండు మూడు పూతలు వేసి, ఒక్కో పూత పూర్తిగా ఆరనిచ్చి, ఆ తర్వాత కనీసం వారం ముట్టుకోకుండా ఉంచితే ఇంతకన్నా గట్టిగా నిలుస్తుంది. అంత ఓపిక లేకపోతే స్క్రీన్ ప్రింటింగ్ వాళ్లు వాడే బైండర్ ఉంది, అది ఆరాక గుడ్డ కప్పి ఇస్త్రీ చేయాలి. ఎరుపుకు పసుపు, సున్నం కలిపారు. అందంగా వచ్చింది గానీ ఆ ఎరుపు సున్నం ఉన్నంతసేపే. చెమట చేయి, నిమ్మరసం, ఏ పులుపు తగిలినా మళ్లీ పసుపు తేలుతుంది. పైగా పసుపుకొమ్ముల రంగు ఎండకు ఆగదు. అలాంటి బొంతను పడమటి కిటికీ పక్కన కట్టారు. సాయంత్రం ఎండ సగం బొంత మీద పడుతోంది, ఆ సగం ఇప్పటికే వేరే రంగు.

జాతర ముగింపులో గంగమ్మ మట్టి రూపాన్ని తీసేస్తారు, ఆ మట్టిని భక్తులు ఇంటికి తీసుకెళతారు. చెరిగిపోయే పూతే కావాలని చేశామంటే ఒప్పుకోవచ్చు, బాగుంటుంది కూడా. కానీ ఆ మాట చీటీ మీద ఉండాలి కదా. ‘పత్తి, సహజ రంగులు’ అని రాస్తే చూసేవాళ్లు చేతగానితనం అనుకుంటారు.

నేత విభాగం చిన్నది. వెంకటగిరి పద్ధతిలో నేసిన జాందానీ (నేస్తూనే విడి దారంతో బుటాలు ఎక్కించే నేత) ముక్కలు ఆరు ఉన్నాయి. నాలుగింట్లో బుటాలు నిలువుగా సాగిపోయాయి. గ్రాఫు కాగితం మీద గుండ్రంగా గీసుకున్నది మగ్గం మీద కోడిగుడ్డు ఎందుకవుతుందో ఆ నలుగురికీ ఇంకా తట్టినట్టు లేదు. గ్రాఫు గడి చతురస్రం, గుడ్డలో గడి చతురస్రం కాదు. అంగుళానికి పడుగు పోగులు 72, పేక పోగులు 60 అయితే, అంగుళం వృత్తానికి అడ్డంగా 72 గళ్లు, నిలువుగా 60 గళ్లు గీయాలి. కాగితం మీద అది అణిగినట్టు కనిపిస్తుంది, గుడ్డ మీద సరిగ్గా కూర్చుంటుంది. అయిదో ముక్కలో లెక్క సరిపోయింది గానీ బుటాకు వాడిన దారం మరీ లావు. మగ్గం మీద బిగువులో ఉండగా తెలియదు, దించి తడిపాక బుటా చుట్టూ గుడ్డ ఉబ్బింది. ఆరో ముక్క చిన్నదే, రెండు జానలుంటుంది. అందులో బుటా నమూనా ఒకటే, ఎడమనుంచి కుడికి వరసగా వచ్చే ప్రతి బుటాలో ఒక్కో పోగు వదులుకుంటూ చివరికి నాలుగు చుక్కలై ఆగుతుంది. దాన్ని అడిగి వెనక్కి తిప్పించుకుని చూడండి. ఒక్క పోగు కూడా బుటా నుంచి బుటాకు వేలాడదు, ప్రతి బుటా దారాన్నీ దాని హద్దులోనే తిప్పారు.

మెలికల ముగ్గును కాంతా (బెంగాల్ బొంతల కుట్టు) తరహాలో కుట్టిన తెరలు మూడు. ముందువైపు ముచ్చటగా ఉన్నాయి. ముగ్గులో గీత తెగదు, కుట్టులో దారం తెగుతుంది. ఆ తెగినచోట్లన్నీ వెనక ముడులై కూర్చున్నాయి. తెర అంటే రెండువైపులా కనబడేది. ముడి వేయకుండా అంగుళం దారం పాత కుట్ల కిందకి దూర్చి దాచే పద్ధతి మొదటి ఏడాదిలోనే నేర్పుతారు.

ఒక అభ్యంతరం గట్టిగానే చెప్పాలి. ప్యాచ్‌వర్క్ జాకెట్లు రెండింటికి ‘శ్రీకాళహస్తి కలంకారీ’ అని చీటీ ఉంది. అంచు తిప్పి చూస్తే గీత వెనక్కి దిగనే లేదు, ఒకే పువ్వు అదే వంకరతో కొలిచినట్టు మళ్లీ మళ్లీ వస్తోంది. అది స్క్రీన్ ప్రింటు. వాడుకోవడంలో తప్పు లేదు, ఆ పేరు పెట్టడంలో ఉంది. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది, చేత్తో కలం పట్టినదానికే ఆ పేరు. టెక్స్‌టైల్ చదివే పిల్లలే ఈ తేడా చూపించకపోతే గాంధీ రోడ్డులో కొనేవాళ్లకు ఎవరు చూపిస్తారు?

ఏర్పాట్లకు మార్కులు తక్కువ. పసుపు వెలుతురు దీపాల కింద సహజ రంగుల తేడాలన్నీ ఒకటే అయిపోయాయి. ఉదయం వెలుతురులో వెళ్తే నయం. గుడ్డలను మూలల్లో పిన్నులతో కొట్టడంతో మధ్యలో సంచుల్లా జారాయి. పై అంచున రెండంగుళాల గొట్టం మడిచి కుట్టి, చెక్క కడ్డీ దూర్చి వేలాడదీస్తే బరువు అంతటా సమంగా పడుతుంది. కలంకారీలను నేరుగా అద్దానికి ఆనించి ఫ్రేము కట్టారు. పాలు పట్టించిన గుడ్డ తేమకు బూజు పట్టే రకం, అద్దానికీ దానికీ మధ్య అట్ట అంచు పెట్టి ఖాళీ వదలాలి.

చూసినదాన్ని సొంత పనిలోకి తెచ్చుకోవాలనుకునేవాళ్లు ఫోన్ కన్నా ముందు పెన్సిల్ తీయండి. నచ్చిన పని ఒక్కటి ఎంచుకుని, అందులో ఏది మార్చారు, ఏది మార్చకుండా ఉంచారు అని రెండు ముక్కలు రాసుకోండి. నదిలో మారింది పాలు, మారనిది కరక్కాయ, కలం, చెయ్యి. ఆ తర్వాత మీ పనిలో అలాంటి మీట ఏదుందో వెతకండి. నేసేవాళ్లకు అది పేక బిగువు కావచ్చు, బ్లాకు ప్రింటు వేసేవాళ్లకు రంగు చిక్కదనం, కుట్టేవాళ్లకు కుట్టుకూ కుట్టుకూ మధ్య దూరం. ఒకే గుడ్డవి ఆరు ముక్కలు తీసుకుని ఆ ఒక్కదాన్నే ఆరు మెట్లుగా మార్చి చూడండి. ఒకేసారి రెండు మారిస్తే ఏది పనిచేసిందో తేలదు. ఫొటో తప్పదంటే చేసినవాళ్లను అడిగి, పక్కన తెల్ల కాగితం, ఒక రూపాయి బిళ్ల పెట్టి తీయండి. తెల్లది ఉంటే రంగు సరిచూసుకోవచ్చు, బిళ్ల ఉంటే కొలత తెలుస్తుంది. నది గీతలను అలాగే తెచ్చి మీ దుపట్టా మీద వేస్తే మాత్రం అది ఆ అమ్మాయి పనే, పేరు చెప్పాలి.

కౌంటర్‌లో బంతి రంగు స్టోల్స్ బాగున్నాయి, ధర కూడా న్యాయమే. సంచుల జోలికి పోనక్కర్లేదు, జిప్పు దగ్గర కుట్టు ఒంటి వరసే. స్టోల్ కొనేముందు తెల్ల రుమాలు తడిపి, మడత లోపలివైపు పదిసార్లు రుద్ది చూడండి. కౌంటర్లో కూర్చున్న పిల్లలు అడ్డు చెప్పరు, వాళ్లే నీళ్ల సీసా ఇస్తారు. రుమాలుకు పసుపు అంటితే ఇంకోటి తీయమనండి. మొదటి ఉతుకు విడిగా, చన్నీళ్లలో, కుంకుడు రసంతో. బట్టల సోడా తగలనివ్వకుండా నీడలో ఆరేస్తే రంగు చాలాకాలం ఉంటుంది.